నాలుగు ప్యాడ్లూ ఒకేసారి పలకాలి: ఆటపెట్టె ప్రాజెక్టు డైరీ

మొదటి ఆదివారం

ఆటపెట్టె పని దాదాపు అయిపోయింది. బొమ్మ వస్తోంది, శబ్దం వస్తోంది, ఆటలు తెరుచుకుంటున్నాయి. కంట్రోలర్ల సంగతే తేలడం లేదు. నాలుగు తగిలిస్తే ఒకరోజు నాలుగూ పలుకుతాయి, మర్నాడు రెండే పలుకుతాయి. ఒక్కోసారి మూడోది కాసేపు బాగానే ఆడి, ఆట మధ్యలో చచ్చిపోతుంది. ప్లగ్గు తీసి పెడితే వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

ఇప్పుడే ఈ డైరీ అందుకున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. విజయనగరంలో మా వీధి చివర చిన్న గ్రంథాలయం ఉంది. దాని మేడమీద గది సాయంత్రాలు ఖాళీగా ఉంటుంది. ఒకాయన ఇచ్చేసిన పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ (విండోస్ బదులు వాడే ఆపరేటింగ్ సిస్టం) వేసి, టీవీకి తగిలించి, పిల్లలు నలుగురు కలిసి ఆడుకునే పెట్టె చేస్తున్నాను. కంట్రోలర్లలో రెండు నల్ల ప్యాడ్లు, రెండూ ఒకే రకం. ఒకటి ఊదారంగు పాత ప్యాడ్. నాలుగోది మా అప్ప కూతురి కోసం నేను చేసింది. ఆ పిల్లకి కుడిచేతి వేళ్లకు పట్టు తక్కువ, మామూలు ప్యాడ్ పట్టుకుని చిన్న బటన్లు నొక్కలేదు. అందుకని చెక్కపెట్టెకి 60 మిల్లీమీటర్ల గుండ్రటి బటన్లు నాలుగు, ఎడమవైపు ఒక జాయ్‌స్టిక్ బిగించి, లోపల ‘జీరో డిలే’ పేరుతో అమ్మే ఎన్‌కోడర్ బోర్డు పెట్టాను. ఏ బటన్ నొక్కారో యూఎస్‌బీ తీగలో కంప్యూటర్‌కి చెప్పేది అదే. అరచేత్తో తడితే చాలు.

మిగతా పిల్లలకి ఒక ప్యాడ్ పోతే ఇంకోటి అందుకుంటారు. ఈ పిల్లకి ఆ డబ్బా తప్ప ఇంకోటి లేదు. అది పలకని సాయంత్రం తను పక్కన కూర్చుని చూడాల్సిందే. అందుకే ‘ఎక్కువసార్లు పనిచేస్తోంది కదా’ అని నేను సర్దుకోలేను. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఊరంతా చుట్టాలే, ఇంటినిండా పిల్లలే. ఈలోగా ఈ సంగతి తేలిపోవాలి.

సోమవారం రాత్రి

ఎవరినడిగినా ముందు ఇచ్చే సలహా ‘వేరే పోర్టులో పెట్టి చూడు’ అని. అలా పెట్టగానే పనిచేసిందంటే మరీ కష్టం. ఎందుకు పోయిందో తెలియదు, ఎందుకు వచ్చిందో తెలియదు, రేపు మళ్లీ పోతుంది. వస్తూపోతూ ఉండే జబ్బు అటూఇటూ మార్చి చూస్తే దొరకదు. ఏ మెట్టు దగ్గర ఆగిందో ప్రతిసారీ రాసిపెట్టుకుంటేనే దొరుకుతుంది.

అందుకని ప్రతి ప్యాడ్‌కీ ఒక రంగు స్టిక్కరు, ప్రతి పోర్టుకీ ఒక అంకె వేశాను. గోడకి ఒక నోటుపుస్తకం వేలాడదీశాను. ఏ ప్యాడైనా పలకనప్పుడు నాలుగు ప్రశ్నలకి జవాబు అందులో రాయాలి. దానికి 5 వోల్టులు అందుతున్నాయా? కంప్యూటర్ దాని పేరు చదివిందా? డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) దాన్ని అందుకుందా? ఆట దాన్ని చూసిందా? పిల్లల కంటికి నాలుగూ ఒకలాగే ఉంటాయి, బటన్ నొక్కితే బొమ్మ కదలదు. కానీ ఒకదానికి టంకం పెట్టాలి, ఒకదానికి వైరింగు మార్చాలి, ఒకదానికి నాలుగు లైన్ల స్క్రిప్టు రాయాలి.

యూఎస్‌బీ 2.0 ప్లగ్గులో తీగలు నాలుగు. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండు, తెలుపు డీ మైనస్, ఆకుపచ్చ డీ ప్లస్. ప్యాడ్‌లోని చిప్పు డేటా తీగల్లో ఒకదాన్ని 1.5 కిలో ఓంల రెసిస్టరుతో 3.3 వోల్టుల వైపు లాగి ఉంచుతుంది. డీ మైనస్‌ని లాగితే సెకనుకు 1.5 మెగాబిట్ల నెమ్మది పరికరమని, డీ ప్లస్‌ని లాగితే 12 మెగాబిట్లదని కంప్యూటర్‌కి తెలుస్తుంది. ఎవరో వచ్చారని దానికి అందే మొదటి కబురు అదే. తర్వాత రీసెట్ చేసి, డిస్క్రిప్టర్ (పరికరం తన గురించి చెప్పుకునే చిట్టా) అడుగుతుంది, ఒక అడ్రసు ఇస్తుంది, ఎంత కరెంటు కావాలో, ఎన్ని బటన్లున్నాయో చదువుకుంటుంది. బడిలో హాజరు వేయడం లాంటిదే ఈ తంతు. పిల్లాడు వచ్చి బెంచీ మీద కూర్చున్నా, పేరు పిలిచినప్పుడు పలకకపోతే ఆ పూటకి రానట్టే లెక్క.

చాలామంది ప్యాడ్ మీద ఎర్రదీపం చూసి ‘కరెంటు వస్తోంది కదా, కంప్యూటర్‌దే లోపం’ అనేస్తారు. ఆ దీపం ఎరుపు, నలుపు తీగల సంగతి మాత్రమే చెబుతుంది. డేటా తీగలు రెండూ తెగిపోయినా అది వెలుగుతూనే ఉంటుంది.

లినక్స్‌లో ఈ తంతంతా డీమెస్‌జీ కమాండు చూపిస్తుంది. దానికి డబ్ల్యూ ఆప్షను ఇచ్చి వదిలేస్తే, ప్లగ్గు పెట్టినప్పుడల్లా కొత్త లైన్లు అప్పటికప్పుడే పడతాయి. నేను చూసేవి ముఖ్యంగా అంకెలు. డిస్క్రిప్టర్ చదవడంలో -71 వచ్చిందంటే డేటా తీగల మీద మాట చెడిపోతోంది. -110 అంటే గడువులోగా జవాబు రాలేదు. ఒక్క లైను కూడా పడలేదంటే, వచ్చిన సంగతే కంప్యూటర్‌కి తెలియలేదు, అంటే తీగో పోర్టో అసలు కలవనే లేదు. అన్ని లైన్లూ శుభ్రంగా పడి, ఆటలో మాత్రం కదలడం లేదంటే కేబుల్ని వదిలేసి పైకి, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలి.

బుధవారం

నోటుపుస్తకం పని మొదలెట్టింది. నీలం స్టిక్కరున్న నల్ల ప్యాడ్ పక్కన అన్నీ -71లే. పోర్టు మారినా అదే. రెండో నల్ల ప్యాడ్‌కి అదే పోర్టులో ఏ తప్పూ లేదు. అంటే ఈ ముక్క ప్యాడ్‌దీ దాని తీగదీ.

దాన్ని పట్టుకుని గంటస్తంభం వైపు వెళ్లాను. అక్కడ ఏళ్ల తరబడి రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసిన పెద్దాయన ఒకరున్నారు. యూఎస్‌బీ గురించి ఆయనకేమీ చెప్పనక్కర్లేదు, తీగ గురించి ఆయనకి తెలియనిది లేదు. ప్యాడ్ తిప్పి చూసి, ‘తీగ మజ్జిలో తెగదు నాయినా. మెడ కాడే తెగుద్ది. పిల్లలు ఆడాక తీగని ప్యాడ్‌కే సుడతారు కదా, అక్కడే సూడు’ అన్నారు.

మల్టీమీటరు బీప్ మీద పెట్టి, ఒక కొన ప్లగ్గు రెండో పిన్ను మీద, ఇంకో కొన లోపలి బోర్డులో తెల్లతీగ అతుకు మీద ఉంచి, మెడ దగ్గర మెల్లగా వంచాం. బీప్ వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది. లోపలి సన్నపోగులు తెగి, పైతొడుగు వాటిని ఒకదానికొకటి ఆనించి ఉంచుతోంది. పిల్లాడు ప్యాడ్ ఎలా పట్టుకుంటే అలా కలుస్తుంది, అలా విడిపోతుంది. ఆట మధ్యలో చచ్చిపోవడానికి కారణం ఇది.

మెడ దాటి నాలుగు వేళ్ల మేర తీగ కోసేసి, కొత్త కొనలు బోర్డుకి టంకం పెట్టాం. ఇది చేసేవాళ్లకి ఒక్క మాట: చవక కేబుళ్లలో రంగుల్ని నమ్మొద్దు. ప్లగ్గు పిన్నుల నుంచి మీటరుతో ఏది ఏదో చూసుకున్నాకే అతకండి. పిన్నుల వరస ఒకటి 5 వోల్టులు, రెండు డీ మైనస్, మూడు డీ ప్లస్, నాలుగు గ్రౌండు. 5 వోల్టుల తీగ డేటా కాలికి తగిలితే చిప్పు దక్కదు. బోర్డు లోపల తీగకి ముడి వేసి, మెడ మీద హీట్ ష్రింక్ గొట్టం రెండు పొరలు ఎక్కించాం. పెద్దాయన డబ్బు తీసుకోలేదు. ‘పండక్కి మాయమ్మాయి పిల్లలు వొస్తారు, ఆళ్లనీ ఆడనివ్వు సాలు’ అన్నారు.

గురువారం

క్యాబినెట్ ముందు పోర్టులు రెండూ వాడకం మానేశాను. టార్చి వేసి చూస్తే లోపలి రేకుల మీద పచ్చగా పేరుకుంది, ప్లగ్గు పెడితే వదులుగా ఊగుతోంది. సముద్రం పెద్ద దూరం లేని ఊళ్లు మనవి, వానాకాలం గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే పచ్చదనం పోయింది గానీ రేకుల పట్టు తిరిగి రాదు. పైగా ముందు పోర్టులకి మదర్‌బోర్డు నుంచి ఇంకో లోపలి కేబుల్ వెళ్లాలి, అదొక అదనపు అతుకు. వెనక పోర్టులు మదర్‌బోర్డుకే టంకం పెట్టి ఉంటాయి. నాలుగు ప్యాడ్లూ తగిలే హబ్ (ఒక పోర్టుని నాలుగు చేసే పెట్టె) ఇక అక్కడికే.

శనివారం

ఈరోజు నోటుపుస్తకంలో కొత్త లక్షణం దొరికింది. ఒక్క ప్యాడ్ కాదు, నాలుగూ ఒకేసారి మాయమై, కొన్ని సెకన్లకి నాలుగూ తిరిగొచ్చాయి. ఒకటి పోతే ప్యాడ్‌ని అనుమానించాలి. అన్నీ కలిసి పోతే హబ్‌నో, హబ్‌కి ముందున్న తీగనో చూడాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది.

కంప్యూటర్ గది మూల బీరువాలో ఉంది, పిల్లలు టీవీ ముందు చాపల మీద కూర్చుంటారు. మధ్యలో 5 మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్, దాని చివర హబ్. పూర్తి వేగం (12 మెగాబిట్ల) పరికరాలకి కేబుల్ 5 మీటర్లు దాటకూడదు, నెమ్మది పరికరాలకి 3 మీటర్లే. మా ఎక్స్‌టెన్షన్‌కి హబ్ సొంత తీగ కలిస్తే ఆ హద్దు దాటిపోయింది. వోల్టేజీ లెక్క కూడా వేశాను. అందులోని 28 గేజి సన్నతీగకి మీటరుకి సుమారు 0.21 ఓం. రానూపోనూ 10 మీటర్లంటే 2 ఓంలు దాటింది. హబ్, ప్యాడ్లు కలిసి ఈ తీగ నుంచే 250 మిల్లీ యాంపియర్లు లాగితే దారిలోనే అర వోల్టు పోతుంది. పోర్టు దగ్గర 5 వోల్టులు ఉన్నా చివర 4.5 అయినా అందదు.

పొడుగు పెంచాలంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌ది పెంచాలి, యూఎస్‌బీది కాదు. కంప్యూటర్‌ని తెచ్చి పిల్లల పక్కన చిన్న బల్ల కింద పెట్టి, టీవీకి 5 మీటర్ల హెచ్‌డీఎంఐ లాగాను. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీసేశాను. నాలుగూ ఒకేసారి పోవడం ఆగింది.

మరుసటి మంగళవారం

తీగ బాగైంది, పోర్టు మారింది, దూరం తగ్గింది. అయినా నిన్న సాయంత్రం మళ్లీ ఊదారంగు పాతది ఒక్కటే పలికింది. నల్లవి రెండూ, పెద్ద బటన్ల డబ్బా మూగనోము పట్టాయి.

‘మావయ్యా, నా డబ్బా మళ్లీ పోనాది’ అని పిల్ల ఏ గొడవా లేకుండా చెప్పి పక్కకి జరిగింది. ఆ జరగడం నాకు నచ్చలేదు. అలవాటైపోయినట్టు జరిగింది.

లాగ్ తెరిచాను. -71 లేదు, -110 లేదు. ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండు కొడితే నాలుగు పేర్లూ వరసగా ఉన్నాయి. పేరు చదివింది, అడ్రసు ఇచ్చింది. కానీ డ్రైవర్ పట్టలేదు, ఇన్‌పుట్ పరికరం పుట్టలేదు. ఇంకాస్త పైకి వెళ్తే మూడింటి పక్కనా ఒకే లైను ఉంది: అందుబాటులో ఉన్న బస్ పవర్ (యూఎస్‌బీ తీగలో వచ్చే కరెంటు) చాలదు కాబట్టి ఒక కాన్ఫిగరేషన్‌ని (పరికరం పనిచేసే అమరికని) తిరస్కరించినట్టు.

ఇది తీగ జబ్బు కాదు, లెక్క జబ్బు. ప్రతి పరికరం తన డిస్క్రిప్టర్‌లో తనకి గరిష్ఠంగా ఎంత కరెంటు కావాలో ప్రకటిస్తుంది. మా నల్ల ప్యాడ్లు, ఎన్‌కోడర్ బోర్డు ప్రకటించింది 500 మిల్లీ యాంపియర్లు. ఊదారంగుది 100. హబ్‌కి సొంత అడాప్టరు ఉంటే ఒక్కో పోర్టుకి 500 ఇవ్వగలదు. అడాప్టరు లేక కంప్యూటర్ ఇచ్చే కరెంటు మీదే బతికితే ఒక్కో పోర్టుకి 100 దాటి ఇవ్వకూడదని యూఎస్‌బీ 2.0 నియమం. కంప్యూటర్ పోర్టు ఇచ్చేదే 500, అందులో 100 హబ్ తనకి ఉంచుకుని, మిగతాది నాలుగు పోర్టులకి పంచుతుంది. 500 అడిగినవాటిని లినక్స్ ఆపేసింది, 100 అడిగినదాన్ని రానిచ్చింది. తప్పు లేదు, అది చెప్పినట్టే చేసింది.

నిజంగా అవి ఎంత తాగుతున్నాయో చూద్దామని మధ్యలో యూఎస్‌బీ మీటరు పెట్టాను. పెద్ద బటన్ల డబ్బా 40 మిల్లీ యాంపియర్లు కూడా దాటలేదు. ప్రకటన ఒకటి, వాడకం ఒకటి. కానీ కంప్యూటర్ చూసేది ప్రకటననే.

అయితే మా హబ్‌కి అడాప్టరు ఉంది కదా? ఉంది, గోడకి తగిలించే ఉంది. మరి నిన్న ఎందుకు ‘నాకు సొంత కరెంటు లేదు’ అని చెప్పింది, మొన్న ఎందుకు చెప్పలేదు?

అదే రోజు, రాత్రి

జవాబు ఒక పిల్లాడు చెప్పాడు. ఏడో తరగతి, నోటుపుస్తకంలో అందరికంటే శ్రద్ధగా రాసేది వాడే. ప్రతి లైను పక్కనా తనంతట తాను ‘క.పో’ అని చిన్నగా రాస్తున్నాడు. ఏమిటిదిరా అంటే, ‘కరెంటు పోనాది అని మాస్టారూ. కరెంటు పోయినప్పుడు ఆట ఆగదు, ఆడతానే ఉంటాది. పోయాక ఎవులైనా కంప్యూటర్ ఆపి మళ్లీ ఏస్తే, అప్పుడు నల్లవి రావు’ అన్నాడు.

గోడ దగ్గరికి వెళ్లి చూశాను. గదిలో ఇన్వర్టర్ లైను ఉన్నవి రెండే ప్లగ్ పాయింట్లు. ఒకదాంట్లో కంప్యూటర్, ఒకదాంట్లో టీవీ. హబ్ అడాప్టరుకి చోటు లేక అవతలి గోడకి, మామూలు లైనుకి తగిలించి ఉంది. కరెంటు పోతే కంప్యూటర్, టీవీ ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉంటాయి, అడాప్టరు మాత్రం ఆగిపోతుంది. అప్పటికే హాజరు పడిన ప్యాడ్లని లినక్స్ వెళ్లగొట్టదు, వాటి వాడకం తక్కువ కాబట్టి ఆట సాగుతుంది. అందుకే కరెంటుకీ ప్యాడ్లకీ సంబంధం ఎవరికీ తట్టలేదు. కానీ ఆ సమయంలో కంప్యూటర్ మళ్లీ వేసినా, హబ్ తీగ తీసి పెట్టినా, హబ్ ‘నాకు సొంత కరెంటు లేదు’ అని నిజం చెబుతుంది. అక్కడితో మూడూ బయటే. తర్వాత కరెంటు వచ్చినా, హబ్‌ని మళ్లీ తీసి పెట్టేదాకా మా పెట్టెలో ఆ లెక్క మారలేదు.

పరీక్షించి చూశాం. అడాప్టరు తీసి కంప్యూటర్ వేశాం: ఊదారంగు ఒక్కటే. అడాప్టరు పెట్టి, హబ్ తీసి పెట్టాం: నాలుగూ. మళ్లీ తీశాం, మళ్లీ అదే. వాడు పక్కనే నిలబడి ప్రతిసారీ ముందే చెప్పాడు, ఏది వస్తుందో ఏది రాదో. ఎప్పుడు కావాలంటే అప్పుడు జబ్బుని తెప్పించగలిగితే, సగం మందు చేతికొచ్చినట్టే.

బాగుచేయడం చిన్న పని. ఒక మంచి స్పైక్ బస్టర్ కొని, కంప్యూటర్, టీవీ, హబ్ అడాప్టరు మూడింటినీ ఇన్వర్టర్ లైనులో ఒకే స్విచ్ కింద పెట్టాను. వెలిగితే మూడూ వెలుగుతాయి, ఆరితే మూడూ ఆరతాయి. అడాప్టరు పిన్ను హబ్‌లో వదులుగా లేదని మీటరుతో చూసి, జిప్ టై వేసి కట్టేశాను.

ఇంకో దారి కూడా ఉంది. లినక్స్‌లో ఆ పరికరం ఫోల్డరులోని కాన్ఫిగరేషన్ వాల్యూ ఫైలులో 1 అని రాస్తే, లెక్క చూడకుండా రానిస్తుంది. వాడకం 40 మిల్లీ యాంపియర్లేనని తెలిసిన డబ్బాకి అది చెల్లుతుంది. కానీ నల్లప్యాడ్లలో వణుకు మోటార్లున్నాయి, అవి ఒక్కసారిగా తిరిగితే వోల్టేజీ కుంగుతుంది. గ్రంథాలయంలో నేను లేనప్పుడు కూడా నడవాల్సిన పెట్టెకి వైరింగు సరిచేయడమే సరైన పని.

హబ్ కొనేవాళ్లకి ఒక సలహా. అడాప్టరు లేకపోయినా ‘నాకు సొంత కరెంటు ఉంది’ అని అబద్ధం చెప్పే హబ్‌లు బజారులో చాలా ఉన్నాయి. వాటితో ప్యాడ్లు అన్నీ కనపడతాయి, బరువు పడ్డప్పుడు తెలియని కారణంతో కూలిపోతాయి. నిజం చెప్పి ఆపేసిన మా హబ్బే నయం. లాగ్‌లో కారణం రాసిపెట్టింది.

శుక్రవారం

మా వీధిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు తన విండోస్ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ప్యాడ్ మొదట పలికి, కాసేపు వదిలేస్తే పడుకుంటుందట. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చన్న టిక్కు తీయించాను. పవర్ ప్లాన్‌లో సెలెక్టివ్ సస్పెండ్ (వాడని యూఎస్‌బీ పరికరాన్ని పడుకోబెట్టే ఏర్పాటు) కూడా ఆపాం. అతనిది తేలిపోయింది. విండోస్ వాడేవాళ్లు ఆటలో వెతికే ముందు రన్ బాక్సులో జాయ్ డాట్ సీపీఎల్ కొట్టి చూడాలి. అక్కడ బటన్లు వెలిగితే ప్యాడ్ బాగున్నట్టే, చూడాల్సింది ఆట సెట్టింగులు. డివైస్ మేనేజర్‌లో కోడ్ 43తో డిస్క్రిప్టర్ అడగడం విఫలమైందని ఉంటే మాత్రం అది లినక్స్‌లో మనం చూసిన తొలిమెట్టు జబ్బే, తీగా పోర్టూ చూసుకోవాలి.

మా పెట్టెలో కూడా ఆ కరెంటు ఆదా సంగతి చూశాను. ప్యాడ్ల పవర్ కంట్రోల్ ఫైళ్లలో ‘ఆన్’ అని ఉంది, అంటే పడుకోబెట్టడం లేదు. ఆ అనుమానం కొట్టేశాను.

ఆదివారం

ఇప్పుడు నాలుగూ ప్రతిసారీ వస్తున్నాయి. వరస మాత్రం ప్రతిసారీ మారుతోంది. మేనకోడలి డబ్బా ఒకరోజు మొదటి ఆటగాడు, మర్నాడు మూడో ఆటగాడు. ఇద్దరే ఆడే ఆటలో మూడో నెంబరు వస్తే, కంట్రోలర్ పనిచేస్తున్నా తను ఆటలో లేనట్టే. పైగా ఆ డబ్బా బటన్లకి నేను వేరే అమరిక పెట్టాను, అది ఇంకో ప్యాడ్‌కి అంటుకుంటే ఆ పిల్లాడికీ అయోమయమే.

కారణం వెతికితే సూటిగానే ఉంది. నల్ల ప్యాడ్లు రెండు, డబ్బాలోని ఎన్‌కోడర్, మూడూ ఒకే నెంబరు చెబుతున్నాయి: 0079:0006. చవక గేమ్‌ప్యాడ్లలో తరచు కనిపించే నెంబరది. దేనికీ సీరియల్ నెంబరు లేదు. చాలా ఆటలు వాడే ఎస్‌డీఎల్ లైబ్రరీ, కంట్రోలర్ గుర్తుని బస్ రకం, తయారీదారు నెంబరు, ఉత్పత్తి నెంబరు, వెర్షను కలిపి కడుతుంది. మూడింటికీ అదే గుర్తు వస్తే ఏది ఎవరిదో దానికి తెలిసే దారి లేదు. ఎవరు ముందు హాజరు పలికితే వాళ్లు ఒకటో నెంబరు.

సీరియల్ నెంబరు లేకపోయినా మారనిది ఒకటుంది, అది హబ్‌లో చోటు. లినక్స్ ప్రతి పరికరాన్ని దారితో పిలుస్తుంది. 1-1.2 అంటే ఒకటో బస్ (కంప్యూటర్‌లోని ఒకటో యూఎస్‌బీ లైను), ఒకటో పోర్టులోని హబ్, ఆ హబ్‌లో రెండో రంధ్రం. ఆటల మెనూ తెరవకముందే నడిచే చిన్న స్క్రిప్టు రాశాను. నాలుగు రంధ్రాల్లో ఉన్నవాటినీ యూఎస్‌బీ డ్రైవర్ నుంచి విప్పేస్తుంది, తర్వాత 1-1.1, 1-1.2, 1-1.3, 1-1.4 వరసలో, మధ్యలో ఒక్కో సెకను ఆగుతూ, మళ్లీ కడుతుంది. విప్పడానికీ కట్టడానికీ డ్రైవర్ ఫోల్డరులో అన్‌బైండ్, బైండ్ అని రెండు ఫైళ్లుంటాయి, వాటిలో ఆ దారి పేరు రాయడమే. నాలుగూ నేను చెప్పిన వరసలోనే హాజరు పలుకుతాయి.

డబ్బా తీగని హబ్ ఒకటో రంధ్రంలో పెట్టి, ఎవరూ లాగకుండా పైన క్లిప్పు బిగించాను. రంధ్రం పక్కన పసుపు రంగు పూశాను, డబ్బాకీ అదే పసుపు. మిగతా మూడింటికీ వాటి రంగులు.

కంప్యూటర్ ఆపి వేసి, కరెంటు తీసి ఇచ్చి, ప్యాడ్లు పీకి తారుమారుగా పెట్టి, స్క్రిప్టు నడిపి చూశాం. ఒకటో రంధ్రం ఎప్పుడూ ఒకటో ఆటగాడే.

‘ఇంక నేనే ఫస్టా మావయ్యా?’
‘నువ్వే ఫస్టు.’
‘ఎప్పుడూనా?’
‘ఆ పసుపు రంధ్రంలో ఉన్నంతకాలం ఎప్పుడూ.’

సిరిమానుకి ముందువారం

డబ్బా లోపల ఒక బలహీనత మిగిలింది, అది కూడా ముగించాను. ఎన్‌కోడర్ బోర్డుకి యూఎస్‌బీ తీగ టంకంతో కాదు, చిన్న తెల్ల ప్లాస్టిక్ కనెక్టరుతో తగులుతుంది. అరచేత్తో గట్టిగా కొట్టే బటన్లు కదా, ప్రతి దెబ్బకీ చెక్క అదురుతుంది, ఆ అదురుకి కనెక్టరు వెంట్రుకవాసి లేస్తుంది. ఈవ్‌టెస్ట్ (బటన్ నొక్కుళ్లని తెర మీద చూపించే ప్రోగ్రాం) పెట్టి, ఒక చేత్తో బటన్లు బాదుతూ ఇంకో చేత్తో కనెక్టరు కదిపి చూస్తే పరికరం పోయి వస్తోంది. కనెక్టరు మూలల్లో హాట్ గ్లూ పెట్టి, బోర్డుకీ చెక్కకీ మధ్య రబ్బరు వాషర్లు వేసి, తీగని పెట్టె గోడకి బిగించాను. ఇప్పుడు పిడికిలితో గుద్దినా లైను తెగదు.

గోడ మీద నోటుపుస్తకం అలాగే ఉంది. దాని పక్కన లైబ్రేరియన్ గారి చేతిరాతతో ఒక కాగితం అంటించాం. ‘ఒకటే ప్యాడ్ పోతే: దాని తీగ మెడ చూడండి. అన్నీ పోతే: హబ్ దీపం, అడాప్టరు చూడండి. ఎర్రదీపం వెలిగి ఆట కదలకపోతే: స్పైక్ బస్టర్ స్విచ్ ఆపి, పది అంకెలు లెక్కపెట్టి వేయండి.’ నేను ఊళ్లో లేకపోయినా ఆ కాగితంతో పిల్లలే సరిచేసుకోగలగాలి.

పైవారం పని: గ్రంథాలయానికి వచ్చే ఇంకో బాబుకి ఇలాంటి డబ్బాయే కావాలని వాళ్లమ్మ అడిగారు. ఎన్‌కోడర్ బోర్డు చేతిలో ఉంది, బటన్లు విశాఖ నుంచి రావాలి. హబ్‌లో రంధ్రాలు నిండిపోయాయి కాబట్టి ఏడు రంధ్రాలది తేవాలి. చాలా ఏడు రంధ్రాల హబ్‌లు లోపల రెండు నాలుగు రంధ్రాల హబ్‌లని ఒకదాని వెనక ఒకటి కట్టినవే. అలా అయితే స్క్రిప్టులోని దారులు 1-1.4.1, 1-1.4.2 అని ఇంకో మెట్టు లోపలికి వెళ్తాయి, వరస మళ్లీ రాసుకోవాలి. కొట్టులోనే ల్యాప్‌టాప్‌కి తగిలించి, అడాప్టరు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి, తన సొంత కరెంటు గురించి అది ఏం చెబుతుందో చదివి గానీ డబ్బు ఇవ్వను.